సున్నా దాటిన మీటరు

మార్చి 3

కత్తెర మళ్లీ మొదలుపెట్టాడు. ఇవాళ మీటింగులో అందరి ముందూ, "ఈ నెట్ జీరో షరతు ఎత్తేస్తే అదే డబ్బుతో ఇంకో రెండు భవనాలు లేస్తాయి మేడం" అన్నాడు. ఏ అంచనా కాగితం చేతికిచ్చినా అందులో ఏదో ఒకటి కోయకుండా తిరిగివ్వడు. ఆర్థిక విభాగంలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఏప్రిల్ ముప్పైన కమిటీ కూర్చుంటుంది. షరతు ఉంటుందో పోతుందో ఆ రోజే తేలుతుంది.

తేలనీ. నేనూ ఇక్కడే ఉన్నాను. ఆ షరతు రాసిందే నేను. కమిటీ ముందు ఏం చెప్పాలో ఇక్కడే ఓసారి అనుకుంటాను: ప్రజల డబ్బుతో కట్టే ప్రతి కొత్త భవనమూ ఏడాదిలో ఎంత కరెంటు వాడుకుంటుందో అంత కరెంటూ తన నెత్తినున్న సోలార్ పలకలతో తానే తయారుచేసుకోవాలి. కాగితం మీద లెక్క చూపిస్తే ఒప్పుకోం. జనం అందులో మసలడం మొదలయ్యాక పన్నెండు నెలలు మీటరు చూస్తాం. వాడిన దాంట్లోంచి తయారైంది తీసేస్తే సున్నా రావాలి, లేదా అంతకన్నా కిందుండాలి. అప్పుడే మా భవన నిర్మాణ నిధిలోంచి ఆఖరి వాయిదా ఇస్తాం.

బాగానే ఉంది. "నెత్తి" తీసేయాలి, కమిటీ అధ్యక్షురాలు నవ్వుతుంది.

నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. కాలువ అవతల మేం కట్టిన ఇరవై పడకల ఆరోగ్య కేంద్రం. ఈ షరతు మీద లేచిన మొదటి భవనం అదే. పది నెలలు దాటాయి, మీటరు సున్నాకి కిందే ఉంది. ఏప్రిల్ ముప్పైకి సరిగ్గా ఏడాది నిండుతుంది. ఆ అంకె తీసుకెళ్లి కమిటీ బల్ల మీద పెడతాను. కత్తెర ఏం కోస్తాడో చూస్తాను.

మార్చి 4

కత్తెర నమస్కారం పెడితే చూడనట్టు వెళ్లిపోయాను. హాయిగా ఉంది.

మార్చి 11

నెలనెలా మీటరు చదివి చెప్పేది కేంద్రంలోని పెద్ద నర్సమ్మ. ముప్పై ఏళ్ల సర్వీసు, ముక్కు మీద కోపం. డాక్టర్లే ఆవిడ ముందు మెల్లగా మాట్లాడతారు. ఇవాళ తనే ఫోన్ చేసింది.

"కిందటి నెల మీద తగ్గించామమ్మా. వచ్చే నెల ఇంకా తగ్గిస్తాం."

"ఎండలు ముదురుతుంటే ఎలా తగ్గిస్తున్నారండీ?"

"ఏవో తిప్పలు పడుతున్నాంలే. ఆఖరి వాయిదా రాగానే పసిపిల్లల గది కడతారుగా? మాట తప్పరుగా?"

ఆవిడ బెంగంతా ఆ గది మీదే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు రెండు ఎవరో దానమిచ్చారట. గది లేక ఏడాదిగా అట్టడబ్బాల్లోనే ఉన్నాయి. బలహీనంగా పుట్టిన బిడ్డను అంబులెన్సులో గంట దూరంలోని పెద్దాసుపత్రికి పంపాలి. మాట తప్పం అన్నాను.

ఆ తిప్పలేమిటో అడగలేదు. పక్కన ఇంకో ఫోను మోగుతోంది.

మార్చి 19

చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. వాళ్లాయన ప్రైవేటు ఆస్పత్రి అంటున్నాడు. ఒప్పుకోలేదు. "అక్క కట్టిన ఆస్పత్రి ఉండగా ఇంకో చోటెందుకు?" అన్నాను. చెల్లెలు నవ్వి సరేనంది. అది చిన్నప్పటి నుంచీ అంతే, నేను గట్టిగా చెబితే నిజమనుకుంటుంది.

అన్నం దగ్గర ఈ మాట చెబితే మా ఆయన, "నువ్వు కట్టలేదుగా, సంతకం పెట్టావు" అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకెందుకో ఒళ్లు మండింది.

మార్చి 31

పదకొండు నెలల్లో ఇంత తక్కువ అంకె ఎప్పుడూ రాలేదు. ఆఫీసులో అందరికీ టీ నేనే ఇప్పించాను. కత్తెరక్కూడా.

ఏప్రిల్ 6

ఆడపిల్ల. పొద్దున పదింటికి. ఏడుపు కాలువ దాకా వినిపించి ఉంటుంది. నేను పిన్నినో పెద్దమ్మనో కాసేపు తికమకపడ్డాను, పెద్దమ్మని. ఇన్నాళ్లూ ఎవరికీ పెద్దమ్మను కాదు, సంతోషంగా ఉంది.

వార్డు కొంచెం వేడిగా ఉంది. ఏప్రిల్ అంటే ఎక్కడైనా అంతే. ఎనిమిది ఫ్యాన్లలో రెండే తిరుగుతున్నాయి, తక్కినవి బాగుచేయాల్సి ఉందేమో. పడమటి కిటికీలకు ఎవరో దుప్పట్లు కట్టారు. రేపు కనుక్కోవాలి.

పిల్లకు మా అమ్మ చెవులు.

ఏప్రిల్ 7

ఫ్యాన్లు పాడవలేదు.

చెల్లెలి మంచం వెనక గోడకు అట్టముక్క అంటించి ఉంది. దాని మీద గళ్లు గీసి, ఏ వరసకు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఫ్యానో నీలం సిరాతో రాశారు. చెల్లెలి వరస వంతు పదకొండున్నర దాకా. తర్వాత మళ్లీ మూడింటికి. నేను వెళ్లేసరికి ఒంటిగంట. పిల్ల ఒంటి మీద గుడ్డ కూడా లేదు, ఎర్రగా ఉంది. చెల్లెలు పాత కేస్ షీటుతో విసురుతోంది.

"ఫ్యాను వెయ్యమని అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగానక్కా. వేస్తే మీ అక్క సున్నా పోతుందన్నారు." కోపంగా అనలేదు. నాకేదో సాయం చేస్తున్నట్టు అంది.

స్విచ్చు వేద్దామని లేచాను. రెగ్యులేటరు తిప్పడానికి పిడి లేదు, పీకేశారు. పెద్ద నర్సమ్మ కోటు జేబులో అన్ని పిడులూ గలగలమంటున్నాయి. వంతు వచ్చినప్పుడు తనే వచ్చి పెట్టి తిప్పుతుంది, వంతు అయిపోగానే తీసుకుపోతుంది. పదకొండు నెలలుగా ఇదే పద్ధతి.

"ఇదేమిటండీ?" అన్నాను.

"నువ్వే చెప్పావుగదమ్మా, ప్రారంభోత్సవం నాడు. ఈ మీటరు సున్నా దాటకూడదు, దాటితే ఆఖరి వాయిదా రాదని. మైకులో చెప్పావు. మా వాళ్లంతా విన్నారు." ఆవిడ మొహంలో గర్వం. "వేణ్ణీళ్లు కూడా తొమ్మిదింటికి ఆపేస్తున్నాం. ఒక్క యూనిట్ కూడా వృథా పోనివ్వలేదు."

బాగా చేశారని చెప్పి వచ్చేశాను.

బాగా చేశారని చెప్పాను.

ఏప్రిల్ 8

ఏమీ రాయను.

ఏప్రిల్ 9

థర్మామీటరు పట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నరకు వార్డులో ముప్పై ఎనిమిది. మేడ ఎక్కాను. సోలార్ పలకలన్నీ ఓపీ గదుల మీద వరసగా మెరుస్తున్నాయి. వార్డు మీద ఉత్త కాంక్రీటు. చెప్పు విప్పి కాలు పెడితే చురుక్కుమంది. వేడి ఆపే పొర లేదు. పడమటి కిటికీలకు ఎండ పడకుండా కట్టాల్సిన పెద్ద చూరులూ లేవు. ఇలాంటి వార్డులో ఎనిమిది ఫ్యాన్లూ ఇరవై నాలుగు గంటలూ తిరగాలి, తిరిగినా చాలదు.

ఇదంతా కత్తెర పని. అంచనాలోంచి ఆ రెండూ కొట్టేసింది ఆయనే. ఎర్ర సిరా గీత నాకింకా గుర్తుంది. మనుషుల ప్రాణాలంటే లెక్క లేదు ఆయనకు. మొదటి నుంచీ అంతే. నేను ఎన్నిసార్లు చెప్పాను.

చెప్పలేదు.

ఫైలు తీసి చూశాను. ముందటేడు జనవరిలో కత్తెర నా బల్ల దగ్గరకే వచ్చాడు. "పై పొరా చూరులూ ఉంచుకుంటారా, పలకలన్నీ ఉంచుకుంటారా? రెండూ కుదరవు మేడం" అన్నాడు. పావుగంట ఆలోచించాను. పలకలుంటే సున్నా వస్తుంది. ఫొటోలో కనిపిస్తాయి. పై పొర ఎవరికి కనిపిస్తుంది? దాని మీద మళ్లీ కాంక్రీటే పోస్తారు. పలకలు ఉంచమన్నాను. ఆ గీత కింద "ఆమోదించాను" అని రాసి సంతకం పెట్టింది నేను. నా చేత ఎవరూ బలవంతంగా పెట్టించలేదు.

పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు వేడి లోపలికి రాకుండా ఆపాలి, కరెంటు తయారీ సంగతి తర్వాత. మొదటి ఏడాది చదువులోనే చెబుతారు ఈ మాట. చదువుకున్న వాళ్లు చేసే తప్పు ఇది. చదువులేని మేస్త్రీ అయితే ముందు నీడ కట్టేవాడు.

ఏప్రిల్ 12

పెద్దసారుకి చెప్పాను. మా విభాగానికి అధిపతి. మంచివాడే, ఆ షరతు కోసం నాతో పాటు తిట్లు తిన్న మనిషి. కళ్లద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఇంకా పద్దెనిమిది రోజులేగా. అంకె సున్నాకి కింద ఉంది. దాన్ని కమిటీకి చూపిద్దాం. షరతు నిలబడుతుంది, ఆ నర్సమ్మకు గదీ వస్తుంది. పైకప్పు సంగతి తర్వాత చూసుకుందాం. ఇప్పుడు నోరు విప్పారంటే కత్తెర మొత్తం నిధినే కోసేస్తాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఇంకెవరూ ఇలాంటి భవనం కట్టరమ్మా."

ఆయన చెప్పింది నిజమే. పద్దెనిమిది రోజులు ఎంతసేపు. గది వస్తే పిల్లలు బతుకుతారు. షరతు నిలబడితే రేపు వంద భవనాలు సరిగ్గా కడతాం. ఒక్క వార్డు కొన్నాళ్లు ఉక్కపోతలో ఉంటే ఏమవుతుంది.

ఆయన చెప్పింది నిజమే.

ఏప్రిల్ 14

చెల్లెలు ఇంటికొచ్చింది. పిల్ల ఒళ్లంతా చెమటకాయలు. మెడ కింద పేలి రసి కారుతోంది. పాలు తాగలేక ఏడుస్తోంది. పౌడరు తెచ్చిచ్చాను. పిల్లల డాక్టరుతో మాట్లాడాను, పది రోజుల్లో తగ్గుతుందన్నాడు.

"పక్క మంచం ఆవిడకి ఆపరేషనక్కా, కుట్లు చీము పట్టాయి. ఆవిడ ఇంకా అక్కడే ఉంది" అంది చెల్లెలు. పిల్లను భుజాన వేసుకుని, "నీ పరీక్ష పాసవడానికి మేమెందుకు కూర్చోవాలి అక్కా చెమటలో?" అంది.

జవాబు లేదని దాని మొహం మీదే చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి దానికి.

ఆ సున్నా కరెంటు మిగిలితే వచ్చింది కాదు. బాలింతల చెమటతో వచ్చింది. అది నాకొద్దు. షరతు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ, ఇలాంటి సున్నా చూపించి గెలవను.

ఏప్రిల్ 16

పొద్దున్నే కేంద్రానికి వెళ్లి అట్టముక్కలన్నీ పీకేశాను. పిడులివ్వమన్నాను. పెద్ద నర్సమ్మ జేబు మీద చెయ్యి వేసుకుంది.

"ఇవ్వను."

"మీటరు సంగతి వదిలెయ్యండి. ఫ్యాన్లన్నీ వెయ్యండి."

"ఎలా వదిలేస్తాను? పదకొండున్నర నెలలు జనం చేత తిట్లు తిన్నాను. బాలింతలు శాపాలు పెట్టారు. ఆ గది కోసమే అన్నీ పడ్డాను. ఇంకా రెండు వారాలే ఉంది. నువ్వొచ్చి ఇప్పుడు పాడు చేస్తావా? పోయిన నెల ఒక పసివాణ్ణి పెద్దాసుపత్రికి పంపాం. దారిలో రెండుసార్లు ఊపిరి ఆగింది. నీకు తెలుసా?"

తెలియదు.

"బతికాడు" అంది. "అందరూ బతకరు."

ఆవిడ కళ్లలో నీళ్లు. నాకూ వచ్చాయి, అయినా చెయ్యి చాపే ఉంచాను. తప్పు మీది కాదు, ఈ వార్డు మీద వేడి ఆపే పొర నేనే తీయించాను, అందుకే మీరు ఫ్యాన్లు ఆపుకోవాల్సి వచ్చింది అని చెప్పాను. ఆవిడ పైకప్పు వంక చూసింది.

"కాగితం మీద రాసివ్వు" అంది.

రాసిచ్చాను. ఫ్యాన్లన్నీ నా ఆదేశం మీద వేశారు, మీటరు సున్నా దాటితే బాధ్యత నాదే, సిబ్బందిది కాదు. కింద సంతకం. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి లోపల పెట్టుకుని, జేబులోని పిడులన్నీ నా దోసిట్లో గుమ్మరించింది. ఒక్కొక్కటీ నేనే బిగించాను. ఎనిమిది ఫ్యాన్లూ తిరిగాయి. కుట్లు చీముపట్టిన ఆవిడ కళ్లు మూసుకుని, "ఎవరమ్మా నువ్వు?" అంది. ఈ ఫ్యాన్లు ఆపించింది నేనే అని చెప్పే ధైర్యం రాలేదు.

ఏప్రిల్ 17

పెద్దసారు నాతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 22

అంకె పెరుగుతోంది. రోజూ పెరుగుతోంది. పెరగనీ.

ఏప్రిల్ 29

సాయంత్రం నాలుగూ పదికి మీటరు సున్నా దాటింది. పెద్ద నర్సమ్మ ఫోన్ చేసి అంకె చెప్పి పెట్టేసింది.

మా ఆయన రేపటికి నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాడు. "గట్టిగా మాట్లాడు, నీకు గొంతు ఉంది" అన్నాడు. "సంతకం పెట్టేదాన్నే కదా" అన్నాను. ఆయన చిన్నబోయాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్ 30

మొత్తం ఇవాళే రాసుకోవాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

కత్తెర నా మీటరు గీతను తెర మీద వేశాడు. పదకొండున్నర నెలలు సున్నాకి కింద, ఆ తర్వాత గోడెక్కినట్టు పైకి. "చూశారుగా. వాళ్ల మొదటి భవనమే తప్పింది. ఈ షరతు పనికిరాదు" అని కూర్చున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

నేను లేచాను. ముందుగా సిద్ధం చేసుకున్నదేదీ గుర్తు రాలేదు.

"ఆ గీతలో అబద్ధం ముందు భాగం. ఆఖరి రెండు వారాలే నిజం" అన్నాను. అట్టముక్కలు బల్ల మీద పరిచాను. ఏ వరసకు ఎన్ని గంటల ఫ్యాను ఉందో ఒక్కొక్కటీ చదివాను. వార్డు వేడి చెప్పాను. చెల్లెలి పిల్ల సంగతి కూడా చెప్పాను, చెప్పకూడదనుకున్నాను.

అధ్యక్షురాలు ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. కళ్లజోడు పైనుంచి చూసి, "పైకప్పు పొర కొట్టేయమని సంతకం పెట్టిందెవరు?" అంది.

కత్తెర నా వంక చూశాడు. పెద్దసారు బల్ల వంక చూశాడు.

"నేనేనండీ."

ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకుంది.

"మరి షరతు ఉంచమని మీరే ఎలా అడుగుతారు?"

"షరతు లేకపోతే ఆ వార్డు ఇంతే వేడిగా ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు. మీటరు పెట్టాం కాబట్టి దొంగ దొరికింది. ఆ దొంగను నేనే. నన్ను ఏం చేస్తారో చెయ్యండి. మీటరు పక్కన థర్మామీటరు కూడా పెట్టండి. గది చల్లగా ఉండి సున్నా వస్తేనే డబ్బివ్వండి. పై పొరా నీడా ఎవరూ కొట్టేయకూడదని రాయండి, ఆయనా కొట్టకూడదు, నేనూ కొట్టకూడదు. ప్రజల డబ్బుతో కట్టింది ప్రజలు వాడుకుంటూ ఉండగా సున్నా రావాలి. వాళ్లను ఉక్కపోతలో కూర్చోబెట్టి కాదు."

ఇంకా ఏదో అన్నాను.

గంటన్నర బయట కూర్చోబెట్టారు. షరతు ఉంటుంది, ఒక్క ఏడాదికి, థర్మామీటరుతో. కేంద్రం పైకప్పు ముందు బాగుచేస్తారు. అది పూర్తయ్యాక పన్నెండు నెలలు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఆఖరి వాయిదా ఆ తర్వాతే. నన్ను నిధి విభాగం నుంచి తీసేసి, ఆ పైకప్పు పనికి సైట్ ఇంజనీరుగా వేశారు. పదిహేనేళ్ల కిందట నేను మొదలుపెట్టిన కుర్చీ అది. సంజాయిషీ కూడా రాయాలట, ఇప్పటికే రాసేశాను.

బయటికి వస్తుంటే పెద్దసారు నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

మే 2

పెద్ద నర్సమ్మకు నేనే వెళ్లి చెప్పాను. ఫోన్లో చెప్పడం మర్యాద కాదు.

"ఏడాదా" అంది. "పైకప్పుకు మూడు నెలలు, దాని మీద ఏడాది, ఆ మీద గది కట్టేందుకు ఎన్నాళ్లో. అప్పటిదాకా పుట్టే పిల్లల్ని ఏం చెయ్యను? కడుపులోనే ఉండమని చెప్పనా?"

మాట తప్పం అన్నది నేనే. నిలబడి అన్నీ విన్నాను. తిట్టింది. తిట్టి, టీ ఇచ్చింది.

మే 8

పైకప్పు పని ఒప్పందం చేతికొచ్చింది. కత్తెర కోసిందే, నలభై పేజీల్లో ముప్పై ఒకటి మిగిలాయి. ఏం పోయిందో చూద్దామని మొత్తం చదివాను. పదిహేడో పేజీ మటుకు ఆయన కంట పడలేదు. అది అన్ని ఒప్పందాల్లోనూ ఉంటుంది, ఎవరూ చదవరు. సైట్ ఆఫీసు నిమిత్తం ఒక గది ఇవ్వాలి. దానికి ఏసీ బిగించి, కరెంటు, నీళ్లు, గట్టి తలుపు ఏర్పాటు చేయాలి. పని పూర్తయ్యాక అవన్నీ భవనానికే వదిలెయ్యాలి.

రెండుసార్లు చదివాను. మళ్లీ చదివాను.

మే 9

ఉత్తరం వైపు కింది స్టోరు గదిని అడిగాను. ఎండ పడదు, పైన ఇంకో అంతస్తుంది. కాంట్రాక్టరు, "మీ ఒక్కరికి ఇంత గదా మేడం?" అన్నాడు. పేజీ చూపించాను. గోడలకు సున్నం వేయించమన్నాను, నాలుగు ప్లగ్గులు ఎక్కువ పెట్టమన్నాను. ఇంజనీర్లకు ఫోన్లెక్కువ ఉంటాయి కాబోలనుకున్నాడు.

మే 15

పసిపిల్లల పెట్టెలున్న అట్టడబ్బాలు రెండూ విప్పాం. పిల్లల డాక్టరు వచ్చి గది చూసి, చేతులు కడుక్కునే తొట్టి ఒకటి అడిగాడు. పెట్టించాను. "కొత్త గది కట్టేదాకా దీంతో నెట్టుకురావచ్చు" అన్నాడు. పెద్ద నర్సమ్మ వచ్చి గది నాలుగు మూలలా నిలబడి చూసుకుని, తలుపు మీద ఉన్న "సైట్ ఆఫీసు" బోర్డు మాత్రం తీయొద్దంది.

మే 19

పొద్దున ఏడింటికి మగపిల్లాడు, ఎనిమిది నెలలకే పుట్టాడు. అంబులెన్సు పిలవలేదు.

మే 20

కత్తెర తనిఖీకి వచ్చాడు. కింద బోర్డు చూసి తలుపు తియ్యబోతే పెద్ద నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపిందట, చెప్పులు విప్పి చేతులు కడుక్కోమందట. తలుపు అద్దంలోంచి లోపలికి చూసి, మెట్లెక్కి నా దగ్గరకొచ్చాడు. నేను మేడ మీద టార్పాలిన్ కింద ఇటుకల మీద చెక్క వేసుకుని కూర్చున్నాను. నలభై రెండు డిగ్రీలు. ఆయన చొక్కా తడిసిపోయింది.

"మీ ఆఫీసు గది కిందుందిగా మేడం. మీరిక్కడున్నారేం?"

"పని ఇక్కడుందండీ."

"రికార్డుల్లో సైట్ ఆఫీసని ఉంది. లోపల చూస్తే ఇంకేదో ఉంది. నేనేం రాసుకోవాలి?"

"చూసింది రాసుకోండి. కొట్టేయాలనిపిస్తే కిందికెళ్లి ఆ పిల్లాడి తల్లి ముందు నిలబడి కొట్టేయండి. సంతకం మటుకు ఈసారి మీరే పెట్టాలి."

ఆయన చాలాసేపు ఎర్ర పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. తర్వాత పెన్ను జేబులో పెట్టుకుని, ఇటుకల మీద ఇంకో మనిషికి చోటుందా అని అడిగాడు. జరిగి కూర్చున్నాను.